మూడో చుట్టు

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? ఈ రెండు ప్రశ్నలకూ సూటిగా జవాబు చెప్పుకోకుండా ఈ వారం కథలోకి అడుగు పెట్టడం సరికాదు.

అన్యాయం జరిగింది పెద్ద ఫిట్టరుకు. పదకొండేళ్ల కిందట రేవులోని మోకుల గిడ్డంగి అంటుకున్న రోజున, మంటలార్పే గొట్టాన్ని నీళ్ల లైను మీది హైడ్రెంట్ వాల్వుకు స్వహస్తాలతో బిగించినవాడు ఆయన. నీళ్లు వదిలారు. మరుక్షణంలో గొట్టం ఊడి గాలిలోకి లేచింది. దాని కొసన, వాల్వుకు కలిపే బరువైన ఇత్తడి కప్లింగు ఒక కుర్ర ఫైర్‌మన్ మోకాలిచిప్పను పిండి చేసింది. గిడ్డంగి బూడిదయింది. విచారణ సంఘం మూడు రోజులు కూర్చుని ఒక్క వాక్యం రాసింది: ‘ఫిట్టరు సరిగా బిగించలేదు.’ ఆ వాక్యం ఆయన ఉద్యోగాన్ని తీసుకుపోయింది. అదైనా ఓర్చుకోవచ్చు. ఆ వాక్యాన్ని ఆయన నమ్మాడు. అసలు అన్యాయం అక్కడ ఉంది. ముప్ఫై ఏళ్లపాటు ఇనుము చెప్పిన మాట విన్న చేతులు అబద్ధమాడాయని ఆయనకు ఆయనే తీర్పు ఇచ్చుకున్నాడు. నాటి నుంచి ఇంట్లో కుళాయి కట్టినా, సీసా మూత పెట్టినా, “ఒక్కసారి నువ్వు కూడా చూడమ్మా” అని కూతుర్ని పిలవకుండా ఉండలేడు.

ఆ కూతురే నేడు అదే రేవులో తనిఖీ ఇంజనీరు. మరచుట్లు కొలిచే ఉక్కు గేజి జేబులో లేకుండా ఆమెను చూసినవారు లేరు. అందువల్ల రేవంతా ఆమెను గేజమ్మ అంటుంది. మొదట వెక్కిరింతగా అన్నారు. తరవాత భయంతో అన్నారు. ఇప్పుడు అలవాటుగా అంటున్నారు.

జెట్టీ పొడవునా కొత్త హైడ్రెంట్ వాల్వులు వేయాలని రేవు నిశ్చయించింది. మూడు కంపెనీలు మూడు నమూనాలు పంపాయి. ఎంపిక రోజు ఉదయం గేజమ్మ పరీక్ష గది తలుపు తీసి చూడగా బల్ల మీద నాలుగు వాల్వులు ఉన్నాయి. ఆ గదికి తాళంచెవులు రెండే. ఒకటి ఆమె దగ్గర ఉంది. రెండవది స్టోర్ కీపరు దగ్గర ఉంది. ఆ స్టోర్ కీపరు ఆమెకు సొంత మేనమామ. సెలవు రోజుల్లో ఆయన బరువైన గోనెసంచితో జెట్టీ మీదకు వెళ్లి, అంతే బరువైన సంచితో తిరిగి వస్తున్నాడని గేటు కాపలాదారు అంతకు నెల ముందే ఆమె చెవిన వేశాడు.

పోయిన వారం మనం ఆమెను ఆ గుమ్మంలోనే వదిలి వచ్చాం.

గేజమ్మ తలుపు దగ్గరగా వేసి, నాలుగు వాల్వుల చుట్టూ ఒకసారి తిరిగింది. నాలుగింటికీ ఎర్ర రంగే. నాలుగింటికీ నోటి మీద మూత ఉంది; మూతకు గొలుసు ఉంది. మూడింటికి కంపెనీ చీట్లు వేలాడుతున్నాయి. నాలుగోదానికి చీటీ లేదు. దాని రంగు మరీ కొత్తగా ఉంది; వేలితో నొక్కితే కొద్దిగా జిగురు తగిలింది. కంపెనీలో వేసిన రంగు జిగురుగా ఉండదు. అది ఎవరో ఇంట్లో కుంచెతో వేసిన రంగు.

“ఏమ్మా కోడలా, పొద్దున్నే ప్రదక్షిణలు మొదలెట్టావా?”

మేనమామ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ నవ్వే ముఖమే. అయితే ఆ నవ్వు కళ్ల దాకా పోలేదని ఆమె కనిపెట్టింది. అనుమానం పట్టినవారికి చూపు పదునెక్కుతుంది. ఆ పదును ఏది కోస్తుందో మాత్రం ముందుగా తెలియదు.

“స్టోర్ కీపర్ గారూ, రిజిస్టర్లో మూడే ఉన్నాయి. బల్ల మీద నాలుగున్నాయి.”

“ఇంట్లో మామయ్యా, ఇక్కడ గారూనా? మీ అమ్మకి చెప్తానుండు.”

“నాలుగోది ఎక్కడిది?”

“ఉండనీ అమ్మా. వాటితోపాటు దాన్నీ చూడు. చూడ్డానికి డబ్బులేం అడగనుగా.”

ఆమె మరో ప్రశ్న వేసేలోపే నడవాలో కర్ర చప్పుడు వినిపించింది. ఫైర్ ఆఫీసరు వస్తున్నాడు. పదకొండేళ్ల కిందట మోకాలు పోగొట్టుకున్న ఆ కుర్ర ఫైర్‌మన్ ఇతనే. బల్ల దగ్గరకు వచ్చి, చంకలో ఉన్న గొట్టపు కప్లింగును ఠప్పున బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు. తన వెనకే వచ్చిన చీఫ్ ఇంజనీరుకు నమస్కారం పెట్టాడు, స్టోర్ కీపరుకు పెట్టాడు. గేజమ్మ వంక చూడలేదు. తన కాలు విరగడానికి కారణమైన ఫిట్టరుకు ఆమె కూతురని అతను ఒక్క రోజు కూడా మరిచిపోలేదు.

“కానివ్వండమ్మా,” అన్నాడు చీఫ్ ఇంజనీరు, కళ్లద్దాలు తుడుచుకుంటూ. “మధ్యాహ్నం మూడింటికి తొమ్మిదో బెర్తుకి నూనె ఓడ వస్తోంది. ఇన్నాళ్లూ అక్కడ బొగ్గు దించాం. నూనె దించడం ఇదే మొదలు. నేనక్కడ ఉండాలి.”

గేజమ్మ మొదటి నమూనాను ముందుకు లాగింది. ఆకురాయితో దాని అడుగున చిన్న గీత గీసి, ఆ గీతను వెలుతురులోకి తిప్పింది.

“ఇది మామూలు ఇత్తడి. ఊళ్లో నీళ్ల ట్యాంకుకైతే పర్లేదు. మన లైన్లో పారేది సముద్రపు నీళ్లు. మూడేళ్లలో ఇది లోపల్నుంచి గులాబీ రంగుకి తిరిగి బిస్కెట్టులా అయిపోతుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.”

“పైకి నిగనిగ, లోపల బిస్కెట్టు. మా తోడల్లుడి లాగా,” అన్నాడు చీఫ్.

ఫైర్ ఆఫీసరు పెదవి కొద్దిగా కదిలింది. గేజమ్మ నవ్వలేదు. మొదటిదాన్ని పక్కకు తోసి రెండవదాన్ని పరీక్షించింది. అది గన్‌మెటల్. కంచులో ఒక రకం, ఉప్పునీటిని తట్టుకుంటుంది. చక్రం నునుపుగా తిరిగింది. లోపలి వాషరు విప్పి మార్చుకోవడానికి వీలుగా ఉంది. మూడవది కూడా గన్‌మెటలే గాని, దాని చక్రం అన్నింటికీ భిన్నంగా కుడివైపు తిప్పితే తెరుచుకుంటుంది.

“పొగలో కళ్లు కనిపించనప్పుడు మనిషి చెయ్యి అలవాటు ప్రకారమే తిరుగుతుంది. తెరుస్తున్నాననుకుని బిగించేస్తాడు. ఇది వద్దు.”

“అయితే రెండోదే ఖాయం,” అని చీఫ్ కలం తీశాడు.

“ఇంకా అవలేదండీ. గొట్టం ఎక్కాలి.”

ఫైర్ ఆఫీసరు మాట్లాడకుండా కప్లింగును ఆమెవైపు దొర్లించాడు. ఆమె దాన్ని రెండవ వాల్వు నోటికి పట్టించి, స్పానరు లేకుండా వేళ్లతోనే తిప్పసాగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వెన్నలో వేలు దిగినట్టు చివరికంటా వెళ్లింది. తండ్రి నేర్పిన పద్ధతి అది. మర మంచిదో కాదో మూడో చుట్టులో తేలుతుంది. మొదటి రెండు చుట్లు ఏ మరైనా ఒప్పుకుంటుంది.

“ఇంక నాలుగోది,” అంది.

“నాలుగోదా?” చీఫ్ కళ్లద్దాలు పైకి జరిపాడు. “మూడే కదా మనం పిలిచింది?”

“స్టోర్ కీపర్ గారే పెట్టారు. ఆయన్నే అడగండి.”

మేనమామ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. “చూడనివ్వండి సార్. అమ్మాయి చూశాక నేను చెప్తా.”

గేజమ్మ నాలుగో వాల్వు మూత విప్పింది. మూత హాయిగా తిరిగి వచ్చింది. మళ్లీ పెట్టి తిప్పింది, అడుగుదాకా పోయింది. మరచుట్లు చెక్కుచెదరలేదు, అరుగుదల లేదు. తరవాత కప్లింగు పట్టించి తిప్పింది. ఒకటి. రెండు. మూడో చుట్టు సగంలో వేళ్ల కింద ఏదో పట్టేసింది. ఇసుక పలుకు అడ్డం పడినప్పుడు తగిలేలాంటి పట్టు. విప్పి, బట్టతో తుడిచి, మళ్లీ పెట్టింది. మళ్లీ అక్కడే పట్టేసింది. స్పానరు వేసి లాగితే ఇంకో అర చుట్టు మూలుగుతూ తిరిగి, రాయిలా బిగిసింది. చూసినవారెవరైనా భేషుగ్గా బిగిసిందనే అంటారు.

ఆమె జేబులోంచి గేజి తీసి వాల్వు నోటి మీద ఆనించింది. గేజి పళ్లకూ మరచుట్లకూ మధ్య వెలుతురు కనిపించింది.

“ఇది వేరే త్రెడ్డు,” అంది నెమ్మదిగా. “అడ్డకొలత ఒకటే. అంగుళానికి చుట్లే తేడా. రెండు చుట్లు ఎక్కుతుంది, ఆపైన కరిచి పట్టుకుంటుంది. బిగిసిందనుకుంటాం. నీళ్ల ఒత్తిడి వచ్చిందంటే...”

వాక్యం పూర్తి చేయనక్కర లేకపోయింది. ఫైర్ ఆఫీసరు చేయి తనకు తెలియకుండానే మోకాలి మీదకు పోయింది.

గేజమ్మ వాల్వును తలకిందులు చేసింది. మెడ దగ్గర, ఎర్ర రంగు కింద, ఏవో చిన్న గుంటలు వేలికి తగిలాయి. గోటితో గీకింది. జిగురు రంగు పెచ్చుగా లేచింది. దాని కింద పాత రంగు, ఆ కింద మంట మింగిన నలుపు, ఆ నలుపులో పక్కపక్కన మూడు చుక్కలు, వాటి కింద ఒక అడ్డగీత.

రేవులో పనిచేసే ప్రతి ఫిట్టరుకూ ఒక గుర్తు ఉంటుంది. తాను బిగించిన ప్రతి వాల్వు మెడ మీదా ఉక్కు మొన ఆనించి సుత్తితో ఆ గుర్తు కొడతాడు. రేపు ఏదైనా జరిగితే జవాబుదారు ఎవరో తెలియడానికి. మూడు చుక్కలూ ఒక అడ్డగీతా గేజమ్మ ఇంట్లో సుత్తి మీద ఉన్నాయి, స్పానర్ల మీద ఉన్నాయి, ఆమె చిన్నప్పటి జామెట్రీ పెట్టె మూత మీద కూడా ఉన్నాయి.

“ఇది మా నాన్న కొట్టిన గుర్తు,” అంది. “మోకుల గిడ్డంగి దగ్గరి వాల్వు. కరిగిపోయిందని విచారణలో చెప్పిన వాల్వు. మామయ్యా, ఇది నీ దగ్గరెలా ఉంది?”

మాటలోంచి ‘గారు’ ఎగిరిపోయిందని ఆమె గమనించలేదు. ఆయన గమనించాడు.

“కరిగిపోలేదమ్మా. నేనే దాచా.”

“ఎందుకు దాచావు? మరి సెలవుల్లో ఆ సంచేంటి? జెట్టీ మీద మంచి వాల్వులు ఊడబెరికి పాతవి తగిలిస్తున్నావా? ఎన్ని అమ్మావు? ఎవడికి అమ్మావు?”

“అమ్మాయ్!” చీఫ్ వారించబోయాడు.

“మీరుండండి సార్. తాళంచెవి ఈయన దగ్గరుంది, స్టోరు ఈయన చేతిలో ఉంది. ఈ వాల్వు కరిగిపోయిందని సంతకం పెట్టిందీ ఈయనే. నాన్న ఎదురుగుండా కూర్చుని పదకొండేళ్లుగా మా ఇంట్లో టీ తాగుతున్నదీ ఈయనే!”

మేనమామ మెల్లగా వచ్చి ఆమె ఎదుట బల్ల అంచు పట్టుకున్నాడు. నవ్వు అప్పటికి పూర్తిగా ఆరిపోయింది. వయసు ఒక్కసారిగా మీద పడినట్టు కనిపించాడు.

“ఊడబెరికింది నిజమేనమ్మా. అయితే మంచివి కాదు. ఇలాంటివి. ఆ ఏడు పన్నెండు వాల్వులొచ్చాయి, ఒకే పెట్టెలో. బావ వాటిని బిగించే ముందు నేను పరీక్ష చెయ్యాలి. ఫైర్ స్టేషన్ కప్లింగు తెచ్చి, దాన్ని తగిలించి, నీళ్లెక్కించి చూడాలి. అదీ రూలు. ఫైర్ స్టేషను ఆ చివర. పోయి రావడానికి గంట. ఎండ మండిపోతోంది. పెట్టెలోనే పన్నెండు మూతలున్నాయి, శుభ్రంగా సరిపోయాయి. ఆ మూతలే బిగించి నీళ్లెక్కించా. ఒక్క బొట్టు కారలేదు. ‘కప్లింగుతో పరీక్షించితిని’ అని పన్నెండు సార్లు రాసి పన్నెండు సంతకాలు పెట్టా.”

“వాల్వుతో పుట్టిన మూత వాల్వుకి సరిపోక ఏం చేస్తుంది?” గేజమ్మ మాటలు పళ్ల మధ్య నుంచి వచ్చాయి.

“అదేనమ్మా. ఆ ముక్క ఆ రోజు నాకు తట్టలేదు. బావ నన్ను అడిగాడు కూడా. ‘ఏరా, కప్లింగుతో చూశావా?’ అన్నాడు. ‘చూశా బావా’ అన్నా. ఇంకో మాట అడగలేదు. నాకు పని నేర్పింది ఆయన. ఉద్యోగం వేయించింది ఆయన. నా మాట మీద మాట అడగడం ఆయనకి రాదు.”

ఫైర్ ఆఫీసరు కర్ర మీద బరువు వేసి లేచాడు.

“ఆస్పత్రిలో మంచం మీద నుంచి నేనడిగాను నిన్ను. ‘ఆ వాల్వు ఒకసారి చూపించు’ అని. ‘కరిగి ముద్దయిపోయింది, చెత్తలో పోయింది’ అన్నావు. నా కళ్లలోకి చూసి అన్నావు.”

“అన్నా.”

“పదకొండేళ్లు నేను ఏ తప్పూ చెయ్యని మనిషిని తిట్టుకుంటూ మెట్లెక్కాను.”

“తిట్టుకున్నావు. నన్ను తిట్టాల్సింది.”

గేజమ్మలోని అనుమానం మాత్రం ఇంకా చేతులు కట్టుకుని నిలబడే ఉంది. ఇన్నేళ్లు దాచినవాడు ఈ రోజే ఎందుకు బయట పెట్టాలి? దొరికిపోతానని తెలిసి ముందే జాలి కూడగట్టుకుంటున్నాడా?

“పదకొండేళ్ల తరవాత ఈ రోజే గుర్తొచ్చిందా?” అని అడిగేసింది.

“పన్నెండులో ఒకటి ఇది. తక్కినవాటిలో పదింటిని సెలవు రోజుల్లో ఒక్కొక్కటే మార్చా. స్టోర్లోని పాతరకం మంచివి పట్టుకెళ్లి, వీటిని పట్టుకొచ్చా. సంచి బరువు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకటే అని కాపలావాడు చెప్పలేదూ? పదీ మా ఇంటి అటక మీదున్నాయి. దొంగసొత్తనుకుని మీ అత్త నెల రోజులుగా నాతో మాట్లాడ్డంలేదు. పోయి చూసుకో. పదింటి మీదా మూడు చుక్కలుంటాయి.”

“పన్నెండోది?”

“తొమ్మిదో బెర్తు.”

చీఫ్ ఇంజనీరు చేతిలోని కళ్లద్దాలు బల్ల మీద పడ్డాయి.

“మిగతావాటికి పక్కనే నీళ్లు ఆపే చిన్న కట్టుడు వాల్వుంది, అది కట్టేసి పది నిమిషాల్లో మార్చేశా. తొమ్మిదోదానికి అది లేదు. మొత్తం లైను ఆపాలి. లైను ఆపాలంటే పర్మిట్ కావాలి, పర్మిట్లో కారణం రాయాలి. రెండుసార్లు ‘అరిగిపోయింది’ అని రాసి పంపా. రెండుసార్లూ ‘అరుగుదల లేదు, అభ్యర్థన అనుమానాస్పదం’ అని తిరిగొచ్చింది.”

ఆ రెండు తిరస్కారాల మీదా ఎవరి సంతకం ఉందో ఆయన చెప్పలేదు. చెప్పవలసిన పని లేదు. ‘అనుమానాస్పదం’ అన్న మాటను గేజమ్మ ఎర్ర సిరాతో రాసింది. కింద ఒకటికి రెండుసార్లు గీత కూడా గీసింది. మేనమామ దొంగ అని నిశ్చయించుకున్నాక ఆ వాల్వు నోటికి ఒక కప్లింగు పట్టించి చూడాలని ఆమెకు తోచలేదు. అరుగుదల కోసం చూసింది, లేదని సంతోషించింది. ఆయన మూతను నమ్మాడు. ఆమె అనుమానాన్ని నమ్మింది. ఇద్దరిలో ఎవరూ ఫైర్ స్టేషను దాకా నడవలేదు.

“నోటితో చెప్పడానికి చాలాసార్లు వచ్చానమ్మా. మీ గుమ్మం దాకా వచ్చి టీ తాగి పోయేవాణ్ణి. ఇవాళ అక్కడ నూనె దించుతారని తెలిశాక నిద్రపట్టలేదు. మాట రాకపోతే వస్తువునైనా పెడదామనుకున్నా. నీ చేతికి దొరికితే నువ్వు వదలవని తెలుసు.”

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. చెడ్డవాడు కాదు, పేచీ లేకుండా పని జరిగిపోవాలని కోరుకునే మనిషి.

“ఇదిగో, అందరూ వినండి. ముందు ఆ వాల్వు మారాలి. పర్మిట్ ఫారం ఇక్కడే ఉంది. ‘అరిగిపోయింది’ అనే రాయవయ్యా, ఈసారి నేను సంతకం పెడతా. గంటలో పని అయిపోతుంది. పాత విచారణ తిరగదోడితే నీ ఉద్యోగం పోతుంది, పింఛను పోతుంది, కేసు కూడా పెట్టొచ్చు. ఫిట్టరుగారికి ఇప్పుడు కొత్తగా ఒరిగేదేముంది? ఏమ్మా, నీకూ మేనమామే కదా?”

గేజమ్మ చేతిలో గేజి వేడెక్కింది. ఒక్క మాట అంటే చాలు, వ్యవహారం ఇటో అటో తేలిపోతుంది. తల్లి ముఖం కళ్ల ముందు మెదిలింది: ఒకవైపు భర్త, మరోవైపు తోడబుట్టినవాడు. అయినా ఆమె నోరు విప్పలేదు. తప్పు ఒప్పుకునే ఈ మాట ఆమెది కాదు. ఆమె లాక్కుంటే అది నేరారోపణ అవుతుంది. మేనమామ తానుగా ఇస్తేనే తండ్రికి చెందుతుంది.

మేనమామ ఫారం ముందుకు లాక్కున్నాడు. ‘కారణం’ అన్న మాటకు ఎదురుగా ఒక్క గీత చోటు ఉంది. కలం మూత తీశాడు. కొంతసేపు ఆ గీత వంక చూశాడు.

“చోటు చాలదు సార్,” అన్నాడు. “వెనక రాయొచ్చా?”

ఎవరి జవాబు కోసమూ ఆగకుండా కాగితం తిప్పి, రాయడం మొదలుపెట్టాడు. పైకి చదువుతూ రాశాడు; గొంతు తడబడిన చోట కలం కూడా ఆగింది.

“‘తొమ్మిదో బెర్తు వాల్వు మరచుట్లు అగ్నిమాపక గొట్టపు మరచుట్లకు సరిపోవు. అదే పెట్టెలోని మరో వాల్వు వల్ల మోకుల గిడ్డంగి ప్రమాదం జరిగింది. ఆ పన్నెండు వాల్వులనూ నేను నియమం ప్రకారం పరీక్షించలేదు. పరీక్షించినట్లు అబద్ధపు సంతకాలు చేశాను. ప్రమాదం తరవాత సాక్ష్యంగా ఉన్న వాల్వును దాచి, కరిగిపోయిందని చెప్పాను. గొట్టం బిగించిన పెద్ద ఫిట్టరు ఏ పొరపాటూ చేయలేదు. ఆయన మీద రాసిన వాక్యం నా వల్ల రాసినది. అది కొట్టివేయవలసిందిగా కోరుతున్నాను.’”

సంతకం చేశాడు. తేదీ వేశాడు. కాగితాన్ని ఫైర్ ఆఫీసరు వైపు తిప్పాడు.

“సాక్షి సంతకం కావాలి. నీకన్నా హక్కున్నవాడు లేడు.”

ఫైర్ ఆఫీసరు నిలబడే సంతకం పెట్టాడు. చీఫ్ చాలాసేపు కాగితాన్ని చూసి, చివరకు పెద్ద నిట్టూర్పుతో, లైను ఆపడానికి అనుమతి రాశాడు. అప్పుడు ఫైర్ ఆఫీసరు గోడ దగ్గరున్న టెలిఫోనును దాని తీగతో సహా తెచ్చి స్టోర్ కీపరు ముందు పెట్టాడు.

“కాగితం రేవుకి ఇచ్చావు. మరి ఆయనకో?”

మేనమామ వేలు రెండుసార్లు తప్పు అంకె మీద పడింది. మూడోసారి అవతల గంట మోగింది. ముప్ఫై ఏళ్లు సుత్తి చప్పుళ్ల మధ్య బతికిన పెద్ద ఫిట్టరు ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతాడు. ఆయన గొంతు గదిలో అందరికీ వినిపించింది.

“ఏరా, డ్యూటీలో ఉండి ఫోనేంట్రా? అమ్మాయికేం కాలేదు కదా?”

“లేదు బావా. అమ్మాయి ఇక్కడే ఉంది. బావా, ఒక మాట. మధ్యలో ఆపకు. ఆ రోజు నేను కప్లింగుతో చూడలేదు. పెట్టెలో వచ్చిన మూతతో చూసి, చూశానని నీతో అబద్ధం చెప్పా. ఆ వాల్వుది వేరే త్రెడ్డు. నీ చేతులు తప్పు చెయ్యలేదు బావా. తప్పు నాది. అదంతా ఇప్పుడే రాసి సంతకం పెట్టా. ఫైర్ ఆఫీసరు సాక్షి.”

అవతలి నుంచి తిట్టు వస్తుందని గేజమ్మ అనుకుంది. ఏడుపు వస్తుందేమోనని భయపడింది. వచ్చింది ఒక ప్రశ్న.

“ఎన్ని చుట్లు తిరుగుతోంది?”

“రెండు బావా. రెండు తిరిగి, మూడోదాంట్లో పట్టేస్తోంది.”

“రెండే.” ఆ గొంతు మొదటిసారి చిన్నదయింది. “రెండేరా. ఆ రోజు నా చేతికి తెలిసింది. ఇసక పడిందనుకుని స్పానరేసి లాగా. నా చేతికి తెలిసిందిరా.”

“తెలిసింది బావా.”

“ఈ రకం ఇంకా ఏమైనా ఉన్నాయా జెట్టీ మీద?”

“ఒకటుంది. తొమ్మిదో బెర్తులో.”

“దాని మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనీకు. అది ఎడంపక్క గోడకి ఒరిగి ఉంటుంది, తెలియనివాడు లాగితే పైపు చీలుతుంది. స్పానర్లు తీసుకుని వస్తున్నా. బిగించింది నేనే, విప్పేదీ నేనే. మీ అక్కకి నేను చెప్తాలే, నువ్వు భయపడకు.”

ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

కిటికీ అవతల, మూడింటికి రావలసిన నూనె ఓడ లాక్కొచ్చే రెండు టగ్గు పడవల నడుమ అప్పుడే రేవు ముఖద్వారంలోకి మలుపు తిరుగుతోంది. గడియారంలో ఇంకా పన్నెండు కూడా కాలేదు. గదిలో దాన్ని మొదట చూసినది గేజమ్మ. లైను ఆపించడానికి ఫారం చేతపట్టుకుని ఆమె తలుపు వైపు పరుగెత్తింది. ఆమె వెనకే కర్ర చప్పుడు, ఆ వెనక చీఫ్ బూట్ల చప్పుడు.

స్టోర్ కీపరు రిసీవరును రెండు చేతులతో పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. ఉద్యోగం పోతుందని ఆయనకు తెలుసు. రేపు ఏ అధికారి ముందు ఎలా నిలబడాలో తెలియదు. కాని బావకు ఇవ్వవలసినది ఇచ్చేశాడు; పదకొండేళ్ల బాకీలో ఒక్క మాటైనా మిగల్చకుండా ఇచ్చేశాడు.